క-భాషయు, అర్థము లేని వాక్యములును

వేసవి సాయంకాలము. అనంతపురము పీఠభూమిమీది యొక పల్లె. చెనిక్కాయ చేలన్నియు బీడుపడి, ఎఱ్ఱనేల కనుచూపు మేర పఱచుకొని యున్నది. ఊరి మొదట నీళ్ల ట్యాంకరు వచ్చి నిలుచు చోట బిందెలు బారులు తీరియున్నవి. పెద్దవారిలో కొందఱు కూలికై బెంగుళూరు పోయిరి; ఊరిలో నున్నవారు తమ బిందెలకు పిల్లలను కావలి యుంచి పనులకు పోయిరి. ట్యాంకరు ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు. పిల్లలకు కాలము గడువవలెను గదా!

“కబా కయి కలో కనీ కళ్లు కలే కవు” అని పదేండ్ల బాలిక యొకతె తన చెలికత్తెతో బిగ్గరగా ననెను.

వేపచెట్టు క్రింద కూర్చుండిన అవ్వ ఆ మాట విని, “ఎవురి కండ్ల మాట మే అది?” అని యడిగెను. పిల్లలందఱును పకపక నవ్విరి. ఆ పదునాలుగు అక్షరములలో అవ్వకు తెలిసినట్లు తోచినది ‘కళ్లు’ అను మాట యొక్కటే. బాలిక పలికినది కండ్లను గూర్చి కాదు. “బాయిలో నీళ్లు లేవు” అని మాత్రమే యామె చెప్పినది.

ఈ భాషకు క-భాష యని పేరు. మీలో పెక్కుమంది దీని నెఱిగియే యుందురు. ఎఱుగనివారికై నియమము చెప్పెదను. ప్రతి అక్షరమునకు ముందు ‘క’ యను అక్షరమును చేర్చి పలుకవలెను. అంతకు మించి యేమియు లేదు. ‘మామిడి’ అనవలెనన్న ‘కమా కమి కడి’ యనవలెను. నియమము సులభమే కాని, వేగముగా పలుకుటయు, వేగముగా పలికినదానిని గ్రహించుటయు అభ్యాసముచేతనే అలవడును. వినువాడు ఒక అక్షరమును విడిచి, ఒక అక్షరమును పట్టుకొనుచు పోవలెను. మాటలోనే ‘క’ యున్నచో చిక్కు మఱింత పెరుగును. ‘కాకి’ ‘కకా కకి’ యగును. ‘కలప’ ‘కక కల కప’ యగును. ఏ ‘క’ ఆటది, ఏ ‘క’ మాటది యని తడబడినవాడు ఓడినట్లే. రహస్యము ఎదుటివారికి తెలిసిపోయిన యెడల పిల్లలు ‘క’ను విడిచి ‘చ’నో ‘ప’నో పట్టుకొందురు.

ఈ యాటకు బంతి వలదు, బొంగరము వలదు, మైదానము వలదు. ఎండవేళ నీడలో కదలక కూర్చుండి యాడవచ్చును. నా చిన్నతనమున ఈ భాషను మా యింటి పిల్లలమే కనిపెట్టితిమని నేను నమ్మియుంటిని. ఒకనాడు భోజనమువేళ, మా మేనమామ యెదుటనే, బెల్లపుముద్దను ఎచ్చట దాచితినో తమ్మునికి క-భాషలో చెప్పితిని. మామ విస్తరినుండి తల యెత్తకయే “కఆ కడ కలే కదు” అనెను. ఆయన బాల్యమునందును అదే భాష యుండెనని నాకప్పటి వఱకు తోచలేదు. బెల్లము మాట యిక చెప్పనేల!

ఇట్టి యాటలు మన దేశమునకే పరిమితములు కావు. ఇంగ్లీషు మాటలాడు పిల్లలు మాట మొదటి హల్లును ఊడదీసి చివరకు తెచ్చి, దానికి ‘ఏ’ యను ధ్వనిని తగిలింతురు. ‘పిగ్’ అనునది ‘ఇగ్‌పే’ యగును. దీనిని వారు పిగ్ లాటిన్ అందురు గాని, లాటిను భాషతో దీనికి ఏ సంబంధమును లేదు. ఫ్రాన్సులో మాటను రెండు ముక్కలుగా విఱిచి తలక్రిందులు చేయుదురు. ‘వింత’ యను అర్థముగల ‘బిజార్’ అను మాట ‘జార్బి’ యగును. ఆ యాట పేరు ‘వెర్లాం’. ‘తిరగవేత’ యను అర్థముగల ‘లాంవెర్’ను తిరగవేయగా ఆ పేరు పుట్టినది. అట్టి మాటలు కొన్ని ఆటను దాటి నిత్యవ్యవహారములోనికి వచ్చి, ఫ్రెంచి నిఘంటువులకు సైతము ఎక్కినవి.

ఇచ్చట ఒక భేదము గమనింపదగినది. ఇంగ్లీషు బాలుడు ‘పి’లోని ‘ప్’ను ‘ఇ’నుండి వేఱుచేయుచున్నాడు. మన బాలిక ‘బా’ను ‘బ్’ అనియు ‘ఆ’ యనియు విడదీయుట లేదు. దానిని ఒకే గింజగా చేతబట్టుకొని దాని ముందు ‘క’ను నిలుపుచున్నది. ఇంగ్లీషు లిపిలో హల్లునకొక గుర్తు, అచ్చునకొక గుర్తు వేఱువేఱుగా నుండును. మన లిపిలో గుణింతముచేత రెండును కలిసి ఒకే యక్షరమగును. ఐనచో పిల్లలు తమ లిపి విఱిచినట్లు మాటను విఱుచుచున్నారా? లేక చెవికి వినబడినట్లు విఱుచుచున్నారా? 

ఈ ప్రశ్నకు ‘అమ్మ’ యను మాట మంచి పరీక్ష. దీనిని క-భాషలో పలికి చూడుడు. చదువు వచ్చిన పిల్లలు సాధారణముగా ‘కఅ కమ్మ’ యందురు. అనగా మాటను ‘అ’, ‘మ్మ’ అని రెండుగా విఱుతురు. పుస్తకములో ఆ మాట వ్రాయబడిన తీరు అదియే. ‘మ’ క్రింద మకారపు ఒత్తు. కాని అదే మాటను మెల్లగా పలుకుడు. పెదవులు మూతపడునప్పుడు మీ గొంతు ‘అమ్’ అని యొక క్షణము నిలిచి, తరువాత ‘మ’ అని విడివడును. చెవికి వినబడునది ‘అమ్-మ’. మన లాక్షణికులు ఈ సంగతిని ఏనాడో కనిపెట్టిరి. ఛందస్సులో ద్విత్వమునకును సంయుక్తాక్షరమునకును ముందున్న అక్షరము హ్రస్వమైనను గురువగునని మీరు చదివియుందురు. ‘అమ్మ’లోని ‘అ’ ఏల గురువగును? తరువాతి హల్లు దానిమీద వ్రాలి దానికి బరువు కలిగించుటచేతనే గదా! పద్యము చెవిని నమ్మినది. క-భాష కంటిని నమ్మినట్లున్నది.

ఇప్పుడు ‘అంబ’ యను మాటను తీసికొనుడు. దీనిని పిల్లలు ‘కఅం కబ’ యందురు. నోటిలో జరుగు పని ఇంచుమించు అదియే. పెదవులు మూతపడి ‘అమ్’ అని పలికి ‘బ’కు విడివడును. కాని యిచ్చట మకారధ్వని ముందరి యక్షరముతో పోయినది. కారణము సున్న. సున్న ‘అ’ ప్రక్కన వ్రాయబడును గాని ‘బ’ క్రింద వ్రాయబడదు. ‘పంపు’ అనునది ‘కపం కపు’ అగును. మన లిపిలో సున్న లేకుండి, ‘పమ్పు’ అని ఒత్తుతో వ్రాయు నలవాటే యుండినచో పిల్లలు ‘కప కమ్పు’ అనియుందురా? దీనిని పుస్తకములో చదువుటకంటె పరీక్షించి చూచుట మేలు. మీ యింట ఇంకను అక్షరాభ్యాసము కాని తమ్ముడో చెల్లెలో యున్నచో వారికి ‘మామిడి’తో ఆట నేర్పి, పిమ్మట ‘అమ్మ’ను అడుగుడు. వారు చెప్పినదానిని సరిదిద్దక, ఉన్నదున్నట్లు వ్రాసికొనుడు.

చదువు చెవిని మార్చునని చూపిన పరిశోధన యొకటి కలదు. 1979లో జోసే మొరాయిస్ అను పండితుడును అతని సహచరులును పోర్చుగల్ దేశమున చదువురాని పెద్దలకు చిన్న పరీక్ష పెట్టిరి. ఒక మాట చెప్పి, దాని మొదటి ధ్వనిని మాత్రము తీసివేసి పలుకుడనిరి. అది వారికి మిక్కిలి కష్టమయ్యెను. పెద్దతనమున చదువు నేర్చిన అట్టివారే ఆ పనిని మేలుగా చేసిరి. చదువురానివారు మందబుద్ధులని దీని యర్థము కాదు. వారు తమ భాషను చక్కగా మాటలాడువారే. మాటను హల్లుగను అచ్చుగను చీల్చు కత్తి అక్షరములు నేర్చినప్పుడు చేతికి వచ్చునదని మాత్రమే దీనివలన తెలియుచున్నది. 

ఇంతవఱకు అర్థముగల మాటను ముక్కలు చేసితిమి. ఇక అర్థమే లేని ముక్కలతో వాక్యము కట్టి చూతము.

“టొబ్బడు డిమ్మిని బుడ్లించి లొంబటలో గిప్పెను.”

ఇందలి మాటలను ఏ నిఘంటువునందును వెదకవలదు. అవి నేను కల్పించినవి. ఐనను మిమ్ము కొన్ని ప్రశ్న లడిగెదను. ఈ పని చేసినది ఎవరు? టొబ్బడు. అతడు పురుషుడా, స్త్రీయా? పురుషుడు. అతడు దేనిని బుడ్లించెను? డిమ్మిని. మొదట బుడ్లించెనా, మొదట గిప్పెనా? మొదట బుడ్లించి, పిమ్మట గిప్పెను. ఎచ్చట? లొంబటలో. పని ముగిసినదా? ముగిసినది. చూచితిరా! టొబ్బడెవరో, బుడ్లించుటయన నేమో యెఱుగకయే అన్నిటికిని సరియైన సమాధానములు చెప్పితిరి. ‘డు’, ‘ని’, ‘ఇంచి’, ‘లో’, ‘ఎను’ అను చిన్నచిన్న ముక్కలు మీకు ఈ సమాచారమంతయు నిచ్చినవి. 

రష్యాదేశమున లేవ్ షేర్బా (1880–1944) అను భాషాశాస్త్రజ్ఞుడు లెనిన్‌గ్రాడులో తన విద్యార్థులకు ఇట్టి వాక్యమునే చెప్పెడివాడు. ఆ వాక్యములోని ధాతువులన్నియు కల్పితములు; ప్రత్యయములు మాత్రము నిజమైన రష్యను ప్రత్యయములు. ఆడుదియగు ప్రాణి యొకటి మగదియగు మఱియొక ప్రాణిని ఒక్క పెట్టున ఏదో చేసినదనియు, ఇప్పుడు దాని పిల్లను మఱేదో చేయుచున్నదనియు విద్యార్థులు తడుముకొనకుండ చెప్పగలిగెడివారట. ఈ వాక్యము ఆ దేశమున ఎంతటి ప్రసిద్ధి పొందినదనిన, భాషాశాస్త్ర మెఱుగనివారు సైతము దానిని అప్పజెప్పుదురు.

పసిపిల్లలకు ఈ జ్ఞానము ఏ వయస్సున కలుగును? అమెరికాలో జీన్ బెర్కో అను విదుషి 1958లో దీనిని పరీక్షించి ప్రకటించినది. పక్షివంటి యొక వింతజంతువు బొమ్మను గీసి, దీని పేరు ‘వగ్’ అని పిల్లలకు చెప్పెను. పిమ్మట రెండు బొమ్మలు చూపి, ఇవి యేమి యని యడిగెను. నాలుగేండ్లు మొదలుకొని యేడేండ్ల వఱకు గల పిల్లలలో పెక్కుమంది ఇంగ్లీషు బహువచనమును చేర్చి ‘వగ్స్’ అనిరి. ఆ మాటను వారెన్నడును విని యెఱుగరు. వినినదానిని చిలుకవలె వల్లించుట మాత్రమే భాష యైనచో ఆ జవాబు వారినోట రానేరదు.

మన డిమ్మితో ఇదే పరీక్ష చేయవచ్చును. ఒక డిమ్మి యున్నది. రెండు వచ్చినచో? ‘డిమ్ములు’ అందురు గాని ‘డిమ్మిలు’ అనరు. పిల్లి పిల్లులగును, బల్లి బల్లులగును, కత్తి కత్తులగును. బహువచనము చేరగనే ఇకారము ఉకారమగునని మూడేండ్ల బిడ్డకు ఎవరు సూత్రము చెప్పిరి? అట్లే ‘అమ్మకు’ అనువారే ‘పిల్లికి’ అందురు. కావున ‘లొంబటకు’ అని ‘కు’ చేర్తురు, ‘డిమ్మికి’ అని ‘కి’ చేర్తురు. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును ప్రకటించి తెలుగు నియమములకు సూత్రములు కట్టెను. ఆ సూత్రములను బడిలో నేర్చుటకు మనకు ఏండ్లు పట్టును. కాని ఇట్టి సూత్రములు కొన్ని పలక పట్టుటకు ముందే మన నాలుకపై నిలిచి యున్నవి.

కల్పితమైన మాటలతో గాక, తెలిసిన మాటలతోనే అర్థము లేని వాక్యమును కట్టవచ్చునా? కట్టవచ్చును. అట్టివానిలో జగత్ప్రసిద్ధమైనది నోమ్ చామ్‌స్కీ 1957లో ప్రకటించిన వాక్యము. అందు నిద్రించునవి భావములు. వానికి రంగు లేదు. ఐనను అవి ఆకుపచ్చనివి. అవి నిద్రించుటయు మహోగ్రముగా నిద్రించును! ఇందు ప్రతి మాటయు ప్రక్కమాటతో కలహించుచున్నది. ఐనను ఇంగ్లీషు వచ్చినవారు దానిని చదువునప్పుడు వాక్యమును చదివినట్లే స్వరమును నడపుదురు. అవే మాటలను వెనుకనుండి ముందునకు పేర్చినచో, సంతకు పోవువాడు సరకుల పట్టికను చదివినట్లు ఒక్కొక్క మాటను విడివిడిగా చదువుదురు. రెండింటికిని అర్థము లేదు. రెండును అంతకుముందు ఎవరును వినియుండరు. అట్లయ్యు ఒకటి వాక్యమగుట, ఒకటి కాకపోవుట ఎట్లు? వాక్యము కట్టు నియమము వేఱు, అర్థము వేఱు అని ఆయన వాదించెను. 2000లో ఫెర్నాండో పెరైరా అను శాస్త్రజ్ఞుడు ఈ వాదమును మఱల పరీక్షించెను. వార్తాపత్రికల వ్రాతలో ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో కంప్యూటరుచేత లెక్క కట్టించి చూడగా, మొదటి వరుస రెండవదానికంటె రెండు లక్షల రెట్లు సంభావ్యమని తేలినది. కావున వినికిడి పరిచయమునకు ఇందు పాత్రయే లేదని చెప్పుటకు వీలులేదు. పండితులు ఈనాటికిని ఈ విషయమున వాదించుచునే యున్నారు.

ఈ భేదము మన పూర్వులకు క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దమున అన్నంభట్టు అను ఆంధ్రుడు తర్కసంగ్రహమను చిన్న గ్రంథమును సంస్కృతమున రచించెను. తర్కము చదువ మొదలిడువారు నేటికిని ఆ గ్రంథముతోనే మొదలిడుదురు. వాక్యమునకు అర్థము కలుగవలెనన్న ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును ఉండవలెనని తార్కికులు చెప్పుదురు. ఒక మాట మఱియొక మాటను కోరుట ఆకాంక్ష. ఆవు, బండి, రాయి, కుండ యని వరుసగా చెప్పినచో ఏ మాటయు మఱియొకదానిని కోరదు; కావున వాక్యము కాదు. ఒకదానితో నొకటి పొసగుట యోగ్యత. నిప్పుతో చేను తడిపితిననువాని మాటలో ఆకాంక్ష యున్నది గాని యోగ్యత లేదు. మాటలను వెంటవెంట పలుకుట సన్నిధి. ఉదయము ‘నీళ్లు’ అని, సాయంకాలము ‘తెమ్ము’ అన్నచో ఎవరును తేరు. చామ్‌స్కీ వాక్యమున లోపించినది యోగ్యత. తిరగవేసినప్పుడు ఆకాంక్షయు లోపించినది. కుందేటి కొమ్ము, ఆకాశపుష్పము, గొడ్రాలి కొడుకు, ఎండమావి నీరు అనునవి మన శాస్త్రములలో తఱచు కానవచ్చు ఉదాహరణములు. ఎండమావి నీటి నెఱుగనివారు అనంతపురము ప్రాంతమున లేరు. కాని దానితో బిందె నింపినవారును లేరు.

ఇంగ్లీషు వాక్యమును తిరగవేసినట్లు తెలుగు వాక్యమును తిరగవేసిన నేమగును? “డిమ్మిని టొబ్బడు బుడ్లించెను” అనుడు. “బుడ్లించెను టొబ్బడు డిమ్మిని” అనుడు. అర్థమున భేదము లేదు. డిమ్మి ముందు వచ్చినను వెనుక వచ్చినను ‘ని’ దానిని పట్టి యిచ్చును. ఇంగ్లీషులో మాట నిలుచు చోటు చేయు పనిని మన భాషలో విభక్తి చేయుచున్నది. తెలుగు వాక్యమును చెడగొట్టవలెనన్న మాటల చోట్లు మార్చినచో చాలదు. వాని తోకలు కోయవలెను. “టొబ్బ, డిమ్మి, బుడ్ల, లొంబట, గిప్ప” - ఇప్పుడు చెప్పుడు, ఎవరు ఎవరిని ఏమి చేసిరి?

చామ్‌స్కీ వాక్యమువంటి దానిని తెలుగున నేనొకటి కట్టితిని: “ఎండిన తడి మేఘములు బిగ్గరగా మౌనము వహించుచున్నవి.” ఎండినది తడిగా నుండదు, మౌనము బిగ్గరగా నుండదు. వ్యాకరణమునకు లోటు లేదు, యోగ్యతకే లోటు. ఐతే ఈ వాక్యమును కల్యాణదుర్గము చేరువనున్న సేద్యగాని యొకనికి వినిపింపగా అతడు నవ్వలేదు. “ప్రతి యేడూ మేం చూసేది అదే కదప్పా” అనెను. ఆలోచింపగా అతని మాట నిజమే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటుసరికి తన నీటినంతయు ఆవలి ప్రక్కనే కురిసి వచ్చును. ఈశాన్యపు వానలు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి పలుచబడును. ఈ పీఠభూమికి ఏడాదికి సగటున దక్కునది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మబ్బులు తలమీదుగా పోవుచునే యుండును, ఉఱుమును, కురియవు. మేము అర్థము లేదని కట్టిన వాక్యమునకు అతని బ్రతుకు అర్థము చెప్పినది. ఆ యింగ్లీషు వాక్యమునకు అర్థము కలిగింపుడని 1985లో స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున ఒక పోటీయే జరిగినదట. మన సేద్యగానికి అట్టి పోటీ యక్కఱ లేకపోయెను.

మాటలు ఎచ్చటినుండి వచ్చినను భాషను నిలుపునవి ఈ చిన్న ముక్కలే యని చెప్పుటకు ఇంకొక సాక్ష్యము కలదు. “డ్రైవరు ట్యాంకరును రివర్సులో తెచ్చినాడు” అను వాక్యమున నామవాచకములన్నియు ఇంగ్లీషువే. దీనిని ఇంగ్లీషు వాక్యమని ఎవడైన ననునా? ‘ను’, ‘లో’, ‘తెచ్చినాడు’ అనునవి దానిని తెలుగు చేసినవి. సంస్కృతపదములు మెండుగా నున్నను తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు ఎల్లిస్ దొర 1816లో కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణపు పీఠికలో ధాతువులను పోల్చి చూపెను. ఈ అనంతపురమునందే, 1916లో వెలసిన దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు 1937లో ఆంధ్రభాషాచరిత్రమను మహాగ్రంథమును ప్రకటించి, తెలుగు ప్రాకృతమునుండి పుట్టినదని వాదించెను. తరువాతి పండితులు ఆ సిద్ధాంతమును అంగీకరింపలేదు. ఐనను ఆయన కూర్చిన సామగ్రి విలువ తగ్గలేదు.

ఇక ఈ ముక్కలు అన్ని తావుల ఒక్కటిగా నుండవు. ఒకప్పటి పాఠములలో ‘వచ్చుచున్నాడు’ అని యుండెడిది. కోస్తావారు ‘వస్తున్నాడు’ అందురు. అనంతపురమున ‘వస్తాండాడు’ అందురు. బాల్యమున నేను తరగతిలో ఒక ప్రశ్నకు జవాబు చెప్పుచు ‘వస్తాండాడు’ అంటిని. తరగతి యంతయు గొల్లుమనెను; అది తెలుగే కాదని నాకు చెప్పబడెను. అటుపిమ్మట నెలదినములు నేను తరగతిలో నోరు విప్పలేదు. తెలిసిన జవాబులను సైతము మ్రింగితిని. అప్పుడు నాకు టొబ్బడు తెలిసియున్న బాగుండెడిది.

ఏలయనగా, ఇచ్చటి బాలునికి ‘బుడ్లించు’ అను మాట నిచ్చి, ఆ పని యిప్పుడు జరుగుచున్నట్లు చెప్పుమన్నచో “టొబ్బడు డిమ్మిని బుడ్లిస్తాండాడు” అనును. నీవైనచో ‘బుడ్లిస్తాండావు’, వారైనచో ‘బుడ్లిస్తాండారు’. ఒక్కచోట తప్పిపోడు. పుట్టి యొక గడియ కాని క్రియకు అతడు రూపములన్నిటిని క్రమము తప్పక చెప్పుచున్నాడు. తప్పుమాటలకు ఇట్టి క్రమముండదు. ‘బుడ్లిస్తా’ అనుదానికి ‘ఉండాడు’ చేరి ‘బుడ్లిస్తాండాడు’ అయినది. ‘బుడ్లించుచు’ అనుదానికి ‘ఉన్నాడు’ చేరి ‘బుడ్లించుచున్నాడు’ అయినట్లే. రెండింటి కట్టుబడియు ఒక్కటే. ఒకప్పుడు పరీక్షలో వ్రాయవలసి యుండినది గ్రంథభాషయే; దానిని శ్రద్ధతో నేర్వవలసియే యుండెను. కాని నేర్చుట వేఱు, ఇంటి మాటను చూచి సిగ్గుపడుట వేఱు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) తెలుగు వాడుకను నాలుగు మండలములుగా విభజించి, రాయలసీమను దక్షిణ మండలమున చేర్చెను. ఆయన సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములది. దానికై పండితులు పల్లెపల్లెకు పోయి, సేద్యగాండ్రనడిగి మాటలు వ్రాసికొనిరి. అచ్చట గురువులు రైతులు, శిష్యులు పండితులు.

మన పల్లెకు మరలుదము. ప్రొద్దు క్రుంకుచున్నది. దూరమున దారిమీద ఎఱ్ఱని దుమ్ము లేచినది. బిందెల ప్రక్కనున్న బాలిక లేచి నిలుచుండి, చేయి యడ్డము పెట్టుకొని చూచి, “కనీ కళ్లు కవ కస్తాం కడా కయి!” అని కేక వేసెను.

అవ్వ ఈ మారు కండ్ల మాట యడుగలేదు. కొంగు బిగించుకొని, తన బిందె యొద్దకు నడచెను.